జిగ్‌లో పేర్చిన ముక్కల మీద పేరు పక్కకు జరుగుతుంటే ఎక్కడ సరిచూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రాజమహేంద్రవరంలో ఏడాదిగా 60 వాట్ల సీఓటూ లేజర్ యంత్రం నడుపుతున్నారు. ఒక పాఠశాల వార్షికోత్సవానికి పిల్లల పేర్లతో 400 చెక్క కీచెయిన్లు చేసివ్వాలి. ఒక్కొక్కటి 50 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు. ఒకేసారి 24 పట్టేలా 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక)లో గడులు కోయించి, 400 మి.మీ. పొడవున్న జిగ్, అంటే ముక్కల్ని వాటి వాటి చోట్ల పట్టి ఉంచే చట్రం, చేయించుకున్నారు. ఆ కోత మీ మిత్రుడి దుకాణంలోని పెద్ద యంత్రం మీద జరిగింది. జిగ్‌ను మీ యంత్రం బెడ్ (పని బల్ల) మీద పెట్టి, దాని ఎడమ కింది మూలకు, లేజర్ పడే చోటును చూపే ఎర్రచుక్కను తెచ్చి పని మొదలుపెడితే, మొదటి ముక్క మీద పేరు సరిగ్గా మధ్యలో పడుతోంది, కుడి చివరి ముక్కకు వచ్చేసరికి ఒకటిన్నర మిల్లీమీటరు పైకి పోతోంది. జిగ్‌ను ఇంకా బిగుతుగా చేయించాలా, లేక బెడ్ మీది వస్తువును సాఫ్ట్‌వేర్‌లో చూపే కెమెరా కొనాలా అని అడిగారు.

రెండూ అక్కర్లేదు. జిగ్‌ను మీ యంత్రం మీదే, పేర్లు చెక్కబోయే ఫైలులోంచే కోయండి. కోసిన తర్వాత దాన్ని రవ్వంత కూడా కదపకుండా, అందులోనే ముక్కలు పేర్చి చెక్కండి. అలా చేస్తే జిగ్ ఎక్కడుందో యంత్రానికి మీరు చూపించాల్సిన పనే ఉండదు, ఎందుకంటే ఆ గడులను అక్కడ పెట్టింది ఆ యంత్రమే. ఎర్రచుక్క, కంటిచూపు, స్కేలు, మూల వెతకడం, ఇవన్నీ లెక్కలోంచి తప్పుకుంటాయి. విజయవాడలో మెమెంటోలు, షీల్డులు, రిటర్న్ గిఫ్టుల పని పదకొండేళ్లుగా చేస్తున్నాను; జిగ్ పని వచ్చిన ప్రతిసారీ నేను పాటించేది ఇదే.

ఇక మీ దగ్గర జరుగుతున్నదేమిటో చూద్దాం. డిజైను తప్పిందని తెలిసిన వెంటనే సాఫ్ట్‌వేర్‌లో అంకెలు మార్చడం మొదలుపెట్టకుండా, తప్పు ఏ వైపుకు పోతోంది, ఎక్కడ పెరుగుతోంది అన్నది ముందు గమనించాలి. ముక్కలన్నీ ఒకే దిక్కుకు, ఒకే కొలతలో జరిగి ఉంటే మొదలుపెట్టిన చోటు తప్పు. కుడికి పోయేకొద్దీ కుడికో ఎడమకో జరుగుతూ ఉంటే కొలత తప్పు, అంటే యంత్రం 400 మి.మీ. అనుకున్నది నిజంగా 400 కాదు. కుడికి పోయేకొద్దీ పైకో కిందికో జరుగుతుంటే జిగ్ వంకరగా కూర్చుంది. ఏ వరసా లేకుండా ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు పోతే తప్పు యంత్రానిది కాదు, గడుల్లో ముక్కలు వదులుగా ఆడుతున్నాయి.

మీది మూడో రకం. 400 మి.మీ. పొడవులో 1.5 మి.మీ. తేడా రావాలంటే జిగ్ డిగ్రీలో ఐదో వంతు తిరిగితే చాలు. అంత వంకరను ఏ మనిషి కన్నూ పట్టలేదు. ఒక మూలను ఎంత జాగ్రత్తగా కలిపినా జిగ్ ఆ మూల చుట్టూ తిరగకుండా ఆపేది మీ దగ్గర ఏమీ లేదు. అందుకే మొదటి ముక్క ఎప్పుడూ బాగానే వస్తుంది, చివరిదే మోసం చేస్తుంది. జిగ్‌ను ఎంత బిగుతుగా చేయించినా ఈ తప్పు అలాగే ఉంటుంది.

పైగా మీ మిత్రుడి యంత్రం మీద కోసిన జిగ్‌లో మీకు కనిపించని ఇంకో చిక్కు ఉంది. బెల్టు మీద నడిచే ఏ రెండు యంత్రాల మిల్లీమీటరూ అచ్చంగా ఒకటే కాదు. 200 మి.మీ. గీయమంటే ఒకటి 200 గీస్తుంది, ఇంకొకటి 199.6 గీస్తుంది. చిన్న వస్తువు మీద ఆ తేడా ఎవరికీ తెలియదు గాని, 400 మి.మీ. జిగ్ చివరికి పోయేసరికి అది 0.8 మి.మీ. అవుతుంది. ఎక్స్, వై పట్టాలు ఒకదానికొకటి సరిగ్గా 90 డిగ్రీల్లో లేకపోయినా ఇదే గొడవ. అదే యంత్రం మీద కోసి అదే యంత్రం మీద చెక్కితే ఈ లోపాలు గడుల్లోకీ పేర్లలోకీ సమానంగా దిగుతాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. యంత్రం కాస్త అబద్ధమాడినా రెండుసార్లూ ఒకే అబద్ధం ఆడుతుంది, మనకు కావలసింది అంతే.

నేను చేసే వరస చెబుతాను. నేను వాడేది లైట్‌బర్న్ అనే లేజర్ సాఫ్ట్‌వేర్, మీరూ అదే వాడుతున్నానన్నారు కాబట్టి దాని మాటల్లోనే రాస్తున్నాను.

ముందుగా ఒకే ఫైలులో రెండు లేయర్లు పెట్టుకుంటాను: ఒకటి గడుల కోత, ఇంకొకటి పేర్లు. ఒక గడి, దాని మధ్యలో ఒక పేరు గీసి, ఆ రెంటినీ కలిపే మిగతా 23 చోట్లకు అర్రే చేస్తాను, అంటే వరుసలుగా నకళ్లు తీస్తాను. గడుల్ని విడిగా, పేర్లను విడిగా పేర్చి తర్వాత కంటితో కలపడం ఎప్పుడూ చేయను. స్టార్ట్ ఫ్రమ్ అన్నచోట ఆబ్సల్యూట్ కోఆర్డ్స్ పెడతాను, అంటే తెర మీద ఎక్కడ గీస్తే బెడ్ మీద అక్కడే పడుతుంది. యంత్రాన్ని హోమ్ చేసి (లేజర్ హెడ్‌ను దాని సున్నా మూలకు పంపి), ఎండీఎఫ్ పలకను బెడ్‌కు నాలుగు వైపులా బిగించి, పేర్ల లేయర్ ఆపేసి గడులు కోస్తాను. కోసిన ముక్కల్ని పలకను తాకకుండా పైనుంచి ఎత్తి తీస్తాను. అప్పుడు కోత లేయర్ ఆపేసి, పేర్ల లేయర్ వేసి, కీచెయిన్లు పేర్చి నడిపిస్తాను. ఒక బ్యాచ్ అయ్యాక మూత తీసి, ముక్కలు మార్చి, పేర్లు మార్చి మళ్లీ నడపడమే. మధ్యలో కరెంటు పోయినా భయం లేదు. తిరిగి హోమ్ చేస్తే యంత్రం అదే సున్నాకు వస్తుంది. మీ యంత్రం నిజంగా అదే సున్నాకు వస్తోందా అన్నది మాత్రం ఒకసారి పరీక్షించుకోండి. బెడ్ మీద మాస్కింగ్ టేపు అంటించి, హోమ్ చేసి ఒక చుక్క కాల్చండి, ఆపి మళ్లీ హోమ్ చేసి అదే చోట ఇంకో చుక్క కాల్చండి, ఇలా పదిసార్లు. పది చుక్కలూ ఒకే చుక్కలా కనిపిస్తే సరే. గుంపుగా చెదిరితే ఆ సున్నాను పట్టే లిమిట్ స్విచ్చుకో బెల్టుకో మరమ్మతు కావాలి, అది కాకుండా ఏ జిగ్ చేసినా లాభం లేదు.

ఆబ్సల్యూట్ కోఆర్డ్స్ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, కరెంట్ పొజిషన్, యూజర్ ఆరిజిన్ అనే మిగతా రెండు పద్ధతుల్లో సాఫ్ట్‌వేర్ లెక్క మొదలుపెట్టేది డిజైను చుట్టూ గీసుకునే పెట్టె అంచు నుంచి. మొదటి బ్యాచ్‌లో ఎడమ చివర ‘వెంకటేశ్వరరావు’ ఉండి, రెండో బ్యాచ్‌లో అక్కడే ‘రవి’ వచ్చిందనుకోండి. పేరు చిన్నదైంది, పెట్టె అంచు లోపలికి జరిగింది, యంత్రం ఆ కొత్త అంచును పాత చోటే పెట్టి మొత్తం 24 పేర్లనూ ఎడమకు లాగేస్తుంది. మొదటి బ్యాచ్ చక్కగా వచ్చి రెండోది మొత్తం తప్పిందని నాతో చెప్పుకున్న నలుగురైదుగురిలో అందరిదీ ఇదే కారణం. ఇలాంటిదే ఇంకొకటి: పాడైన రెండు ముక్కల్నే మళ్లీ చెక్కడానికి కట్ సెలెక్టెడ్ గ్రాఫిక్స్ నొక్కినప్పుడు, దాని పక్కనున్న యూజ్ సెలెక్షన్ ఆరిజిన్ పొరపాటున వేసి ఉంటే, ఆ రెండు పేర్లూ వెళ్లి మొదటి గడి దగ్గర పడతాయి. ఆబ్సల్యూట్‌లో ఈ రెండు గోతులూ లేవు.

ఇక నా చేతులు కాలిన సంగతి. మొదటి రెండేళ్లలో ఒక కార్యాలయానికి టేకు నేమ్‌ప్లేట్లు చేస్తున్నాను. ఉదయం జిగ్ కోసి రెండు బ్యాచ్‌లు తీశాను, లెక్క ప్రకారమే వచ్చాయి. భోజనానికి వెళ్లి వచ్చేలోపు మా కుర్రాడు బాధ్యతగా లోపల చెత్త ఊడ్చాడు. జిగ్‌ను ముట్టుకోలేదు, ఆ మాట నిజమే. జిగ్ కింద ఉన్న హనీకోంబ్ బెడ్‌ను (తేనెపట్టులాంటి జాలీని) కాస్త పక్కకు జరిపాడు. అది యంత్రానికి బిగించి ఉండదు, ఊరికే ఆనించి ఉంటుందన్న సంగతి నాకప్పటికి తట్టలేదు. మూడో బ్యాచ్ పన్నెండు ప్లేట్లూ 2 మి.మీ. కిందికి పోయాయి, ఆ టేకు డబ్బు నా జేబులోంచి పోయింది. మర్నాడే హనీకోంబ్ ఫ్రేముకు రెండు మూలల్లో ఎల్ ఆకారపు బద్దలు వేయించి బోల్టులు బిగించాను. మీరూ జిగ్‌ను బిగించడం కంటే ముందు బెడ్‌ను బిగించండి. ఫ్రేము ఇనుముదైతే పైన పలకను పట్టి ఉంచడానికి అయస్కాంతాలు చాలు, గాని వాటి ఎత్తు లేజర్ హెడ్‌కు తగలకుండా చూసుకోవాలి.

తర్వాతిది గడి కొలత. మీరు కీచెయిన్ 50 × 30 అన్నారు. అమ్మినవాడు చెప్పిన కొలతా, మీరు వెర్నియర్ పెట్టి చూసిన కొలతా? చెక్క ముక్కల్లో ఈ రెంటికీ తేడా ఉంటుంది. 400 ముక్కల్లోంచి ఏవో ఇరవై తీసి కొలవండి. నా దగ్గరికి వచ్చిన ఒక లాట్‌లో పొడవు 49.6 నుంచి 50.3 వరకు ఉంది. గడి పెద్ద ముక్కకు సరిపోవాలి కాబట్టి 50.3 గీస్తాం. లేజర్ కిరణానికీ వెడల్పు ఉంది, మా సీఓటూ యంత్రం మీద 3 మి.మీ. ఎండీఎఫ్‌లో ఆ కోత సుమారు 0.2 మి.మీ. ఉంటుంది, గీత మధ్యగా కిరణం నడుస్తుంది కాబట్టి గడి రెండు వైపులా 0.1 చొప్పున పెరిగి 50.5 అవుతుంది. ముక్క దూరడానికి ఆ మాత్రం సందు చాలు, వేరే కలపనక్కర్లేదు.

అయితే 49.6 ముక్క ఆ గడిలో 0.9 మి.మీ. ఆడుతుంది. దాన్ని ఊరికే పడేస్తే మధ్యనుంచి 0.45 అటైనా పోవచ్చు, ఇటైనా పోవచ్చు, కాస్త మెలిక కూడా తిరగవచ్చు. ప్రతి ముక్కనూ గడిలో ఒకే మూలకు నొక్కి పెట్టండి, నేను ఎడమ కింది మూలకు నొక్కుతాను. అప్పుడు పెద్ద ముక్కకూ చిన్న ముక్కకూ మధ్యబిందువులో వచ్చే మొత్తం తేడా 0.35, సగటు ముక్కకు తగ్గట్టు పేరును జరిపి పెట్టుకుంటే ఎటు చూసినా 0.18కి మించదు. అదే జిగ్, అవే ముక్కలు. నొక్కడం వల్లే తప్పు సగానికి పైగా తగ్గిపోతుంది. చాలామంది గడిని నాలుగు గోడల పెట్టెగా ఊహిస్తారు, నిజానికి మనకు పనికొచ్చేవి రెండు గోడలే: పొడవాటి అంచు ఒక గోడకు ఆనాలి, పొట్టి అంచు ఒక గోడకు ఆనాలి. మిగతా రెండు గోడలూ ఎంత వదులుగా ఉన్నా నష్టం లేదు, ముక్క తీయడానికి వేలు పట్టేంత చోటు వదిలితే ఇంకా మంచిది. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో నేను ఎదురు గోడకు స్పాంజి టేపు ముక్క అంటిస్తాను, అదే నొక్కి పెడుతుంది. కాలే చోట గాలి ఊదే ఎయిర్ అసిస్ట్ బలంగా ఉంటే తేలిక ముక్కల్ని కదిలించేస్తుంది. పేర్లు చెక్కేటప్పుడు దాన్ని తగ్గించుకోండి.

ఆ మూలలోనే పొగ మసి పేరుకుంటుంది. ఐదారు బ్యాచ్‌ల తర్వాత మూలలో నల్లటి గట్టి పొరలా తయారై, ముక్కను గోడకు ఆననివ్వదు. ప్రతి రెండు బ్యాచ్‌లకు ఒకసారి పాత టూత్‌బ్రష్‌తో దులిపితే సరిపోతుంది. జిగ్ కోసేటప్పుడే ప్రతి మూలలో 2 మి.మీ. సున్నా ఒకటి కోసి ఉంచితే మసీ పొట్టూ అందులోకి పోతాయి.

ఎత్తు సంగతి చాలామంది మరిచిపోతారు. జిగ్ మందం 3 మి.మీ., కీచెయిన్ 5 మి.మీ. అయితే పెద్ద ఇబ్బంది లేదు. కాని 15 మి.మీ. మందం ఉన్న చెక్క దిమ్మెలు పెట్టినప్పుడు ఫోకస్ కోసం బెడ్‌ను 12 మి.మీ. దించాలి. మన యంత్రాల్లో బెడ్ నాలుగు స్క్రూల మీద దిగుతుంది, దిగేటప్పుడు కాస్త పక్కకు ఒరగవచ్చు.  బెడ్ దిగే దారి నిట్టనిలువుకు ఒక డిగ్రీ వాలితే 12 మి.మీ. ఎత్తు తేడాకు 0.2 మి.మీ. జరుగుడు వస్తుంది. అందుకని జిగ్ కోతకు ఒక ఎత్తు, చెక్కడానికి ఒక ఎత్తు పెట్టాల్సి వచ్చిన చోట, కోసిన వెంటనే నమ్మేయకుండా వస్తువు ఎత్తులోనే టేపు పరీక్ష చేయాలి.

టేపు పరీక్ష అంటే ఇది. మొదటి గడి, చివరి గడి, మధ్యలో ఒకటి, ఈ మూడింటిలో ముక్కలు పెట్టి వాటి మీద మాస్కింగ్ టేపు అంటిస్తాను. పేరు కాకుండా, ముక్క ఆకారాన్నే 1 మి.మీ. లోపలికి తీసిన గీతను అతి తక్కువ పవర్‌తో గీస్తాను. పేరు మధ్యలో పడిందో లేదో కంటికి తెలియదు గాని, అంచు పక్కనే పోయే గీతకు రెండు వైపులా సందు సమానంగా ఉందో లేదో ఇట్టే తెలుస్తుంది. ఎడమ సందు 1.2, కుడి సందు 0.8 ఉంటే తప్పు 0.2 అన్నమాట, వెర్నియర్ కూడా అక్కర్లేదు. మూడు ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూస్తే పైన చెప్పిన నాలుగు రకాల్లో ఏ తప్పో కూడా బయటపడుతుంది. రెండు నిమిషాల పని.

ఒకవేళ తప్పు అన్ని ముక్కల్లోనూ సమానంగా, అదీ కుడిఎడమల్లోనే వస్తుంటే స్కానింగ్ సెట్టింగు చూడండి. వేగంగా చెక్కేటప్పుడు హెడ్ ముందుకు పోతుంటుంది, కిరణం రవ్వంత ఆలస్యంగా వెలుగుతుంది. ఒకే వైపు స్కాన్ (హెడ్ ఒక దిక్కుకు పోయేటప్పుడే కాల్చడం) పెట్టుకున్నవారికి డిజైను మొత్తం హెడ్ నడిచే వైపుకు జరుగుతుంది. రెండు వైపులా స్కాన్ పెట్టుకున్నవారికి జరగదు గాని అక్షరాల అంచులు రంపంలా వస్తాయి. నిదానంగా గీసిన టేపు గీత సరిగ్గా ఉండి, వేగంగా చెక్కిన పేరు మాత్రం పక్కకు పోయిందంటే కారణం జిగ్ కాదు, ఇదే. లైట్‌బర్న్‌లో స్కానింగ్ ఆఫ్‌సెట్ పట్టిక ఉంది, వేగాన్నిబట్టి అందులో అంకెలు వేసుకోవాలి.

మీవి తెలుగు పేర్లు కాబట్టి ఇంగ్లీషు వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. ‘రమ’ అని రాస్తే అక్షరాలు ఒక వరుసలో ఉంటాయి. ‘కృష్ణ’ అని రాస్తే ణ వత్తు కిందికి దిగుతుంది, ‘శ్రీలక్ష్మి’లో గుడి దీర్ఘం పైకి లేచి వత్తులు కిందికి జారతాయి. సాఫ్ట్‌వేర్ మధ్యకు తెమ్మంటే పై కొసనుంచి కింది కొస వరకు కొలిచి మధ్యకు తెస్తుంది, అందువల్ల వత్తులున్న పేరు పైకి ఎగిరినట్టూ, లేని పేరు కిందికి దిగినట్టూ కనిపిస్తుంది. 24 కీచెయిన్లు పక్కపక్కన పెట్టి చూసిన బడివాళ్లు ‘పేర్లు వంకరగా వచ్చాయండీ’ అంటారు, యంత్రం మాత్రం మైక్రాన్ తప్పి ఉండదు. ఒకసారి నా దగ్గర అచ్చంగా ఇలాగే జరిగి, ఒక పూటంతా బెల్టులు బిగిస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నేను పేర్లను నిలువులో మధ్యకు తేవడం మానేశాను; అన్ని గడుల్లోనూ అక్షరాల కింది గీతను ఒకే ఎత్తులో పెట్టి, తలకట్టున్న మామూలు అక్షరం గడి మధ్యలో పడేలా చూస్తాను, వత్తులు ఎక్కడికి దిగితే అక్కడికి దిగనిస్తాను. అడ్డంలో మాత్రం మధ్యకే తెస్తాను. అను ఫాంట్లలో టైపు చేసి కోరల్‌డ్రాలో కర్వులుగా మార్చి తెచ్చుకునేవారికి కర్వులైన తర్వాత కింది గీత అంటూ ఉండదు. కాబట్టి కర్వులుగా మార్చకముందే, అక్కడే పేర్లన్నీ ఒక వరుసలో సర్దుకుని మొత్తాన్నీ ఒకేసారి తీసుకురావాలి.

అంచుకు దగ్గరగా బోర్డరు పెట్టవద్దని కూడా నా సలహా. అంచునుంచి 1 మి.మీ. దూరంలో గీత ఉంటే 0.3 తేడాను కూడా చంటిపిల్లవాడు పట్టేస్తాడు. 3 మి.మీ. వదిలితే అదే తేడా ఎవరికీ కనిపించదు. బోర్డరు తప్పనిసరిగా కావాలన్నవారికి, చెక్కిన తర్వాత అదే యంత్రం మీద అంచు కోసి ఇస్తాను. ముక్కలు తయారుగా కొన్నవైతే అది కుదరదని ముందే చెబుతాను.

జిగ్ తీసేసి వచ్చే నెల మళ్లీ పెట్టాలంటే ఏం చేయాలని మీరు అడగలేదు గాని, పాఠశాల వాళ్లు మళ్లీ వస్తారు కాబట్టి ఆ ప్రశ్నా వస్తుంది. చవకైన మార్గం జిగ్‌ను దాచకుండా ఫైలును దాచుకోవడం. 3 మి.మీ. ఎండీఎఫ్ ముక్క ఖరీదు ఒక బ్యాచ్ పాడైన నష్టం ముందు ఎంత? ఎండీఎఫ్ వానాకాలంలో చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, వంపు తిరుగుతుంది. కృష్ణా గోదావరి గట్ల మీద ఉన్న మనకు ఇది చెప్పనక్కర్లేదు. యాక్రిలిక్‌తో చేసుకున్నా ఎండకు పెరుగుతుంది: 400 మి.మీ. యాక్రిలిక్ పలక 15 డిగ్రీల వేడి తేడాకు సుమారు 0.4 మి.మీ. సాగుతుంది. ఏసీ గదిలో కోసి మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా వాడితే ఆ తేడా చివరి గడిలో కనిపిస్తుంది.

అయినా పాత జిగ్‌నే వాడాలంటే, కోసే రోజునే దాని రెండు ఎదురు మూలల్లో, ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా, రెండు ప్లస్ గుర్తులు సన్నగా చెక్కి పెట్టుకోండి. తర్వాత లైట్‌బర్న్‌లోని ప్రింట్ అండ్ కట్ వాడి, హెడ్‌ను ఒక్కో గుర్తు మీదికి తెచ్చి చూపిస్తే, జిగ్ ఎంత వంకరగా ఉన్నా డిజైనును అది అంతే తిప్పుకుంటుంది. గుర్తుల మధ్య దూరం ఎందుకంటే, చూపులో 0.2 మి.మీ. తప్పు దొర్లినా 400 మి.మీ. దూరంలో అది 0.2గానే ఉంటుంది, గుర్తులు 100 మి.మీ. దూరంలోనే ఉంటే జిగ్ చివరికి అదే 0.8 అవుతుంది. ఇక్కడ మాత్రం ఎర్రచుక్కను నమ్మక తప్పదు కాబట్టి, ముందు టేపు మీద ఒక చుక్క కాల్చి ఎర్రచుక్క దాని మీదే ఉందో లేదో చూసుకోండి. పక్కనుంచి ఏటవాలుగా పడే ఎర్రచుక్క ఒక్క ఎత్తులోనే నిజం చెబుతుంది, ఎత్తు మారితే జరిగిపోతుంది.

కెమెరా గురించి: నా దగ్గర ఉంది, ఒంటరి వస్తువులకు వాడతాను. ఎవరో తెచ్చిన వంకర చెక్క పలక మీద ఎక్కడో ఒక చోట శ్లోకం వేయాలంటే దానికి మించింది లేదు. కాని అది ఒక ఎత్తులో సరిచేసి పెట్టిన బొమ్మ. వస్తువు ఎత్తు మారితే బొమ్మ జరుగుతుంది, బెడ్ అంచుల్లో ఇంకా ఎక్కువ. 24 ముక్కల జిగ్‌కు అది దండగ ఖర్చు.

గుండ్రటి వస్తువులు, పెన్నులు మీరు ముందు ముందు చేస్తానన్నారు. గుండ్రటి మూతకు గడి మధ్యబిందువును ఇస్తుంది గాని తిరుగుడును ఆపదు, దానికి ఆనవాలుగా ఒక కొక్కెమో బందో కావాలి. ఒక పెళ్లికి కుంకుమ భరిణెలు చేసినప్పుడు మూత బందు ఇరుక్కునేలా ప్రతి గడికీ ఒక గాడి కోశాను, వధూవరుల పేర్లు అన్నిటి మీదా బందుకు ఎదురుగానే వచ్చాయి. పెన్నుకైతే క్లిప్పే ఆ ఆనవాలు. క్లిప్పు దిగే సన్నని గాడి కోయకపోతే ఒక పెన్ను మీద పేరు పైన, ఇంకొకదాని మీద పక్కగా వస్తుంది.

లోహపు వస్తువులకు ఫైబర్ లేజర్ యంత్రం కొంటే అక్కడ లెక్క కాస్త వేరు. హెడ్ కదలదు, అద్దాలు తిరిగి కిరణాన్ని వాలుస్తాయి. 110 మి.మీ. చదరానికి వాడే 160 మి.మీ. ఫోకస్ లెన్సులో అంచుకు పోయేసరికి కిరణం దాదాపు 20 డిగ్రీలు వాలి ఉంటుంది, కాబట్టి అక్కడ ఒక వస్తువు 1 మి.మీ. ఎత్తు ఎక్కువైతే గుర్తు మూడో వంతు మిల్లీమీటరు పక్కకు పోతుంది. ఎత్తులు తేడాగా ఉండే వస్తువుల్ని చదరం మధ్యలోనే పెట్టుకోవాలి. అది చూపించే ఎర్ర చట్రం కూడా నిజమైన కిరణం కంటే వేరే రంగు కాంతి. ఆ లెన్సు దాన్ని వేరుగా వంచుతుంది, కాబట్టి చట్రం దిక్కు చూపడానికే గాని అర మిల్లీమీటరు పనికి కాదు. కస్టమరు సొంత వెండి వస్తువు తెచ్చినప్పుడు నేను టేపు మీద చెక్కి ఆయనకు చూపించి, సరేనన్న తర్వాతే టేపు తీస్తాను.

ప్రస్తుతానికి మీరు చేయవలసింది: బెడ్ బిగించి, కొత్త పలకలో గడులు మీ యంత్రం మీదే కోసి, మూడు ముక్కల మీద టేపు పరీక్ష చేయడం. ఇప్పటికే పాడైన కీచెయిన్లను పారేయకండి. వెనకవైపు ఖాళీగానే ఉంటుంది, వాటినే పరీక్ష ముక్కలుగా పెట్టుకోండి. మూడు ముక్కల్లో సందులు ఎంతెంత వచ్చాయో, ఏ వైపు ఎక్కువ ఉందో అంకెలతో ఇక్కడే రాస్తే మిగతాది చూద్దాం.